మద్దిబెరడు మంచిదేనంట

మా అక్కకు నా మీదున్న నమ్మకం చూస్తే నాకే ఒళ్లు మండుతుంది. బళ్లో సైన్సు చెప్పే పంతులమ్మను కదా, నాకు తెలియనిది లోకంలో లేదనుకుంటుంది. తను కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీకి పోతుంది, నేను విరుదునగర్‌లో ఉంటాను. పొద్దున్నే నాకు ఫోను చెయ్యందే తనకు కాఫీ దిగదు.

కంపెనీ మెట్లెక్కితే చాలు, గుండె మీద రోలు పెట్టినట్టు నొప్పి వచ్చేది అక్కకు. గుండెకు రక్తం సరిగ్గా అందడం లేదని మా విరుదునగర్ డాక్టరు మాత్రలు రాశాడు. అంతలో పక్కింటావిడ నాటుమందుల అంగట్లో మరుదంపట్టె పొడి కొనిచ్చింది. మన మద్దిచెట్టు బెరడే. పాలల్లో కాచి తాగితే గుండెకు బలమంట. నిజమో కాదో నీ ఫోన్లో చూసి చెప్పవే అని అక్క రోజూ నా ప్రాణం తీసేది.

చూశాను. శ్రద్ధగానే చదివాను. బెరడు తీసుకున్నవాళ్లకు నొప్పి రావడం తగ్గిందని కొన్ని పరీక్షల్లో ఉంది. కానీ అవి కొద్దిమంది మీద, కొద్దికాలం చేసినవి. పైగా వాళ్లలో చాలామంది డాక్టరిచ్చిన మందులు వేసుకుంటూనే బెరడు తీసుకున్నారు. ఈ మాత్రం రుజువుతో గట్టిగా చెప్పలేమని కూడా రాసుంది. ఇదంతా అక్కకు విడమరిచి చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? పేపర్లు దిద్దుతూ విసుగులో ఉన్నాను. "మంచిదేనంట, తాగు" అని ఫోను పెట్టేశాను.

నొప్పి పోయిందని అక్క మురిసిపోయింది. కొన్నాళ్లకు మళ్లీ మొదలైంది. అక్కను పిలిపించి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అని ఆయన తమిళంలో అడిగాడు. బయటివాళ్ల ముందు గుట్టు మాట్లాడుకోవాలంటే మాకు ఇంట్లో మాట్లాడే తెలుగు ఉండనే ఉంది. అక్క నా వైపు తిరిగి, "మానేశానని చెప్పొద్దే, తిడతాడు" అంది.

మానేసిందని నాకప్పుడే తెలిసింది. నిజం చెబితే ఎవరు మానమన్నారని అడుగుతాడు. నా పేరు బయటికొస్తుంది. అక్క ప్రాణం కంటే నాకు నా పరువు ముందుకొచ్చింది, చూడండి. "వేసుకుంటూనే ఉంది సార్" అన్నాను. అయితే ఆ మందు చాలడం లేదనుకుని ఆయన మోతాదు పెంచి రాశాడు.

వీధిలోకి వచ్చాక అక్కను నోటికొచ్చినట్టు తిట్టాను. అక్కకు కోపం రాలేదు, వింతగా చూసింది. "నొప్పి పోయినంక మాత్రలెందుకే? నువ్వే కదా మంచిదంటివి" అంది. నేను తల తిప్పుకుని, ఇకనైనా కొత్త మాత్రలు తప్పకుండా వేసుకోమన్నాను. అక్క నా మాట ఎప్పుడు కాదంది గనక? వేసుకుంది. ఆ వారంలోనే కంపెనీ మెట్ల మీద కళ్లు తిరిగి పడి, చెయ్యి విరగ్గొట్టుకుంది.

కట్టుతోనే మళ్లీ డాక్టరు దగ్గరికి వచ్చింది. బీపీ బాగా పడిపోయిందన్నాడాయన. మందుకు అలవాటైన ఒంటికి ఈ మోతాదు ఇంత పని చెయ్యదే, నిజంగా ముందునుంచీ వేసుకుంటున్నారా అని నిలదీశాడు. అక్క నా ముంజేయి పట్టుకుని, మెల్లిగా తెలుగులో, "నేనే మానేస్తినని చెప్పు. నీ మీదికి రానీయొద్దు" అంది.

అలాగే చెప్పాను. బెరడు సంగతీ చెప్పాను. నా సంగతి చెప్పలేదు.

ఆయన కోపమంతా అక్క మీదికి మళ్లింది. బెరడు తాగితే తాగారు, మాత్రలు ఎవర్నడిగి మానేశారు, గుండెతో ఆటలా అన్నాడు. తర్వాత నన్ను చూపించి, "ఇంత చదువుకున్న చెల్లెలుంది కదమ్మా, ఈమెనైనా ఒక మాట అడగొద్దా?" అన్నాడు.

"అడగలేదు సార్" అంది అక్క, తమిళంలో.

నేను చెయ్యి చాచి మందుల చీటీ తీసుకున్నాను.