సరళ ఫైల్లో ‘సూడు’

సరళది దామరచర్ల దగ్గరి తండా. ఇంట్లో మాట్లాడేది లంబాడీ. తెలుగు మిర్యాలగూడ హాస్టల్లో పట్టుబడింది, అదీ ఊరికే కాదు, తోటి పిల్లలు వెక్కిరించగా వెక్కిరించగా. కంప్యూటర్ కోర్సు అయ్యాక అదే మిర్యాలగూడలో కిరాయి గదిలో ఉంటూ చిన్నాచితకా వెబ్‌సైట్లు చేసిపెడుతోంది.

కంప్యూటర్లో టెర్మినల్ అనే నల్ల తెరకు ఏ పనైనా టైపు చేసి చెప్పాల్సిందే. అందులోని పొట్టి ఇంగ్లిష్ ఆజ్ఞలు సరళకు ఎంతకీ అబ్బలేదు. పేరు ముందు చుక్క పెట్టుకుని దాక్కునే సెట్టింగుల ఫైలు ఒకటుంటుంది. అందులో ఆ ఆజ్ఞలకు బదులు ఇంగ్లిష్ అక్షరాలతోనే తన మాటలు రాసుకుంది. ఫైళ్లు చూపించాలంటే ‘సూడు’. నడిచే ప్రోగ్రామును ఆపాలంటే ‘ఖతం’. ఏ కంప్యూటరైనా సరే, ఆ ఫైలు దించుకుంటే ఇక ఆమెకు ఎదురులేదు.

సూర్యాపేటలో ఓ కంపెనీ పరీక్షకు పిలిచింది. నెల జీతం ఉద్యోగం. దానికోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసింది. సొంత సెట్టింగులు పెట్టుకోవచ్చన్నారు. ముందు రోజు, గదిలో తోడుండే కోదాడ పిల్ల నవనీత ఆ ఫైలు చూసి పకపకా నవ్వింది.

“సూడు ఏంటే తల్లీ! చూడు అని పెట్టు. వాళ్లు చూశారంటే పరువు పోద్ది.”

సరళ మొహం మాడిపోయింది. అయినా మార్చింది.

పరీక్షలో సుమంత్ అనే ఇంజనీరు పక్కనే కూర్చున్నాడు. సరళ ఫైలు దించుకుని ధీమాగా ‘సూడు’ అని కొట్టింది. అలాంటి ఆజ్ఞ లేదంది కంప్యూటర్. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. ఫైలు మారింది గానీ వేళ్లు మారలేదు మరి! అసలు ఇంగ్లిష్ ఆజ్ఞ చచ్చినా గుర్తు రాదు. చెమటలు పట్టాయి. ఫైల్లో ఉన్నది ‘చూడు’ అని అప్పుడు తట్టింది. దాంతో భయం పోయి ఒళ్లు మండింది. ఒకసారి వెక్కిరిస్తే ఓ భాషే నేర్చుకుంది, ఇంకెన్నిసార్లు మార్చుకోవాలి?

“జర ఆగుండ్రి సార్,” అని ఫైలు తెరిచి ‘చూడు’ చెరిపేసి ‘సూడు’ రాసింది.

“స్పెల్లింగ్ తప్పు పడ్డదేమో?” అన్నాడు సుమంత్.

“లేదు సార్. నాకు గిట్లనే వస్తది.”

మిగతా పరీక్ష చకచకా అయిపోయింది. ఆఖరున సుమంత్ చెప్పాడు.

“పని మంచిగ చేసిన్రు. సోమవారం చేరుండ్రి. కానీ మా దగ్గర అందరం కంపెనీ ఫైలే వాడతం. దాంట్ల మీ మాటలుండవు. నడుస్తదా?”

సరళకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఉద్యోగం మాత్రం కావాలి.

“నడుస్తది సార్,” అంది. “మాటలు మార్చుకునుడు నాకు అలవాటే.”