ఒకటికి ఒకటి కలపడానికి కంబదూరు దాకా

నా గణిత పరిశోధన పత్రంలో, నిరూపణ మూడో మెట్టు దగ్గర పత్రిక సమీక్షకుడు "ఈ మధ్య పదం ఎందుకు సున్నా?" అని ఒక్క ప్రశ్న రాశాడు. పదకొండు రోజులు కుస్తీ పట్టినా జవాబు దొరకలేదు. సోమవారం ఉద్యోగం ఇంటర్వ్యూ, అక్కడ నేను చెప్పుకోవడానికి ఉన్నది ఈ పత్రం ఒక్కటే. అప్పుడు గుర్తొచ్చారు, అనంతపురం డిగ్రీ కాలేజీలో నాకు బీజగణితం నేర్పిన ఓబులేసు సారు. రిటైరయ్యాక కంబదూరు దగ్గర సొంత చేను చూసుకుంటున్నారు. అవసరం పడితేనే గుర్తొచ్చారు, ఏం చేస్తాం, నా బుద్ధి అంత.

అనంతపురంలో ఉదయం ఆరున్నర బస్సెక్కితే ఎనిమిదిన్నరకల్లా కళ్యాణదుర్గంలో దిగాను. టికెట్టు వంద లోపే. బస్టాండు ఎదుట బొరుగులతో చేసిన ఉగ్గాని, బజ్జీ నలభై రూపాయలు. వడ్డించే అక్క నా చేతిలో కాగితాలు చూసి నవ్వింది.

"ఏం పాపా, తినకుండా అవేంటివి సదువుతాండావు? పరీచ్చా?"

"అట్లాంటిదే అక్కా."

"పాసైతావులే, ముందు తిను."

ఆ మాటకు బజ్జీ సగంలో వదిలేసి లేచాను.

అక్కడి నుంచి సర్వీసు ఆటో. దారి పొడుగునా ఎండిన వేరుశనగ చేలే. మధ్య మధ్య కంది సాళ్లు మాత్రం పచ్చగా నిలబడ్డాయి. "శెనక్కాయ అంతా పోయినాది మేడం. నడుమ ఏసిన కందులే ఈ యేడు కూడు పెట్టేది" అన్నాడు డ్రైవరు. నేను సరిగా వినలేదు, నా గోల నాది.

ఆ గోల ఏమిటంటే, వలయం అంటే కూడిక, గుణకారం రెండూ చేసుకోగల సంఖ్యల లోకం. ఒక వలయంలోని సంఖ్యను దాని ప్రతిబింబంతో గుణించి ఇంకో వలయంలోకి పంపడమే నార్మ్. అది గుణకారాన్ని భద్రంగా దాటిస్తుంది, కూడికను దాటించదు. రెండు సంఖ్యలు కలిపి పంపితే, వాటి నార్మ్‌లకు తోడు మధ్యలో అదనంగా ఒక పదం పుట్టుకొస్తుంది. ఆకారాలను చదివే హోమోటోపీ సిద్ధాంతంలోనూ ఇలాంటి నార్మ్‌లు ఉన్నాయి. నేను ఎంచుకున్న వలయాలలో ఆ మధ్య పదం మాయమవుతుందని నా వాదన. మిగతా ముప్పై పేజీలు దాని మీదే నిలబడ్డాయి.

పదింటికి సారు ఇల్లు చేరాను. అమ్మగారు మజ్జిగ ఇచ్చారు. సారు అరుగు మీద కూర్చుని కాగితాలు రెండుసార్లు తిరగేశారు.

"ఏమేం సంఖ్యలు పెట్టి సరి సూసినావమ్మా?"

"ఒకటి, ఐ సార్. ఐ అంటే వర్గం మైనస్ ఒకటయ్యే సంఖ్య. దాని ప్రతిబింబం మైనస్ ఐ, కాబట్టి నార్మ్ ఒకటి. ఒకటి నార్మూ ఒకటి. కలిపి పంపితే రెండు. మధ్య పదం సున్నా."

"ఒకటి, ఒకటి పెట్టినావా?"

కాగితం వెనక్కి తిప్పి లెక్క వేశాను. ఒకటి, ఒకటి కలిపితే రెండు. రెండుకు ప్రతిబింబం రెండే, కాబట్టి దాని నార్మ్ నాలుగు. విడివిడిగా పంపితే వచ్చేది రెండే. మిగతా రెండూ ఆ మధ్య పదానివి. ఛీ! ఒకటి, ఐ లాంటి జతలతో పాతిక ఉదాహరణలు చేసి గొప్పలు పోయాను, ఒకే సంఖ్యను రెండుసార్లు పెట్టి చూడాలని తట్టనే లేదు.

"ఏదైనా దారి ఉండాదా సార్?"

"లేదమ్మా. రెండేండ్ల కిందట నీ మొదటి ప్రతి సూసి ఇదే రాసినా కదా."

రాశారు. నేనిచ్చిన జవాబు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "ధన్యవాదాలు సార్. ఇది మీకు తెలిసిన పాత నార్మ్ కాదు, కొత్త సిద్ధాంతం." ఆయన నా జవాబు మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది. "అన్నం తిని పో" అన్నారు. తిన్నాను.

మూడింటి బస్సులో కిటికీ పక్కన కూర్చుని పత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకు రాశాను. ఇంటర్వ్యూ వాళ్లకూ అదే రాశాను. పంపాక ఏడుపు రాలేదు, నా మీద నాకే ఒళ్లు మండింది. నడుమ నిలిచిన ఆ కంది సాళ్లు మళ్లీ కనిపించాయి, ఈసారి కళ్లు పెట్టి చూశాను. చిన్న ఊళ్లో చేను చూసుకునే మనిషికి నా కొత్త లెక్కలేం తెలుస్తాయిలే అనుకున్నానే, ఆ పొగరు ఖరీదు రెండేళ్లు.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట. నీళ్లసీసా నింపుకోండి, తిరుగు బస్సు సమయం దిగగానే అడిగి పెట్టుకోండి. మీదీ నాలాంటి పనే అయితే మాత్రం, బయల్దేరే ముందు ఒకటి, ఒకటి పెట్టి చూడండి. మీ సారు ఎప్పుడో చెప్పే ఉంటారు.