జారిపోయే పాటలు

మా ఆయన కారు స్టీరియో మీద పాట పేరు ఎడమ అంచున మాయమై, కుడి అంచు నుంచి మళ్లీ వస్తుంది. పెళ్లయ్యాక అక్షరాలు నేర్చుకున్నాను గనుక, ఇప్పుడు దాన్ని కూడబలుక్కుని చదువుతాను. చదివినప్పుడల్లా సిగ్గేస్తుంది.

నాకు పదేళ్లప్పుడు మా నాయన కొత్తచెరువు నుంచి పుట్టపర్తికి బాడుగ జీపు తోలేవాడు. ఆయన స్నేహితుడు ఖాదర్ మామ ఆ జీపుకు స్టీరియో బిగించి, నీలం పెన్‌డ్రైవ్‌లో పాటలు ఎక్కించి ఇచ్చాడు. పాట వస్తున్నంతసేపూ ఎర్రటి అక్షరాలు అంచు దాకా జరిగి పోయేవి. చదువు రాని నేను, పాట అలా కారిపోతోందనుకున్నాను. మా వీధికొచ్చే ట్యాంకరు నీళ్లూ అంతే, చూస్తుండగానే అయిపోయేవి. కొన్నయినా మిగలాలని ఒకరోజు పెన్‌డ్రైవ్ పీకి శెనక్కాయల డబ్బాలో దాచాను.

సాయంత్రం నాయన మా వాకిట్లోనే ఖాదర్ మామను నిలదీశాడు.

"పొద్దున జీపులో ముందర కూచున్నోడివి నువ్వొక్కడివే. ఇచ్చినట్లే ఇచ్చి ఎత్తుకపోతివా?"

"ఏమప్పా, నేనిచ్చిన దాన్ని నేనే దొంగిలిస్తానా? తిక్క పట్టిండాదా నీకు?"

నేను పక్కనే ఉన్నాను. లోపలికెళ్లి డబ్బా మూత గట్టిగా బిగించాను.

మర్నాడు మామ ఇంకో పెన్‌డ్రైవ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "పాపకు పాటలంటే పాణం. నీకోసరం కాదులే" అని నాయనతో అని, కూర్చోకుండానే వెళ్లిపోయాడు. మళ్లీ మా ఇంటికి రాలేదు.

జీపెక్కిన ప్రతిసారీ ఆ పాటలు త్వరగా అయిపోతే బాగుండునని అక్షరాలకేసి చూసేదాన్ని. అవి ఎన్నాళ్లకూ అయిపోలేదు.