బొక్కలు నల్లగ వచ్చిన దినం

పటాన్‌చెరు, జిన్నారం, హత్నూర దిక్కు ఉన్న సమస్త జనానికి, షిఫ్టు ఎక్కేటోళ్లకు, షిఫ్టు దిగేటోళ్లకు చాటింపు ఏమనగా: మా స్కానింగ్ సెంటర్ల ఎక్స్‌రే రూము కుర్చీ ఎత్తు ఇగ మీదట ఎవ్వరైన మార్చుకోవచ్చు. గోడ గడియారం ఐదు నిమిషాలు ముందుకు ఉరికినా అడిగేటోడు లేడు. చాయ్ స్టీలు గ్లాసుల పోసినా "నా గాజు గ్లాసు ఎవడు మింగిండ్రా" అని లేచేటోడు లేడు. ఈ ఉత్తర్వు ఇప్పటి నుంచే అమలు. కారణమేందంటే, మా ఎక్స్‌రే సార్ పోయిండు.

కబురొచ్చినప్పుడు నేను కంప్యూటర్ ముందట కూసోని దాన్ని తిడుతున్న. ఒక్క ఛాతి ఫిల్ము కొట్టాలె, పొద్దుగాల్నుంచి కొడ్తలేదు. ఫోనుల టీచరమ్మ. అంటె సార్ ఇంటామె, బడిల చెప్పి రిటైరయింది. "సార్ పోయిండయ్యా, నిద్రలనే. నువ్వు రావాలె" అన్నది. నేనేమన్ననో తెలుసా? "ఐదు నిమిషాలమ్మా, ఒక్క ఫిల్ము కొట్టి వస్త" అన్న. ఆ ఐదు నిమిషాలు గంటన్నర అయినయ్. ఆ గంటన్నరల నాకు కోపం మిషన్ మీద వచ్చిందా, సార్ మీద వచ్చిందా, నా మీద వచ్చిందా, ఇప్పటికీ తేలలే.

జెర ఈ మిషన్ ముచ్చట చెప్పాలె, లేకుంటె తర్వాతది మీకు సమజ్ గాదు. ఎక్స్‌రే తీస్తె బొమ్మ ముందుగాల కంప్యూటర్ల పడ్తది. ఆడి నుంచి ఫిల్ము మిషన్‌కు పంపాలె. వేరే సెంటర్లల్ల ఒక గుండీ నొక్కుతరు, అయిపాయె. మాకాడ పాత కంప్యూటర్ చచ్చి కొత్తది వచ్చినంక ఆ గుండీల సాఫ్ట్‌వేర్ దాంట్ల కూసోలె. కంపెనీ మనిషి ఇయ్యాలొస్త రేపొస్త అనుకుంట మమ్ముల తిప్పలువెట్టిండు. ఆఖరుకు సంగారెడ్డిల మిషన్లు బాగుజేసే ఒకాయన ఫోనుల సార్‌కు ఉపాయం చెప్పిండు. ఉత్తగ దొరికే పనిముట్టు ఒకటి ఉన్నదట. దానికి గుండీలుండయ్, రంగులుండయ్. నల్ల తెర మీద ఒక పొడుగు లైను ఇంగ్లీషుల కొట్టాలె. పనిముట్టు పేరు, ఫిల్ము మిషన్ పేరు, ఫిల్ము సైజు, బొమ్మ ఉన్న జాగ. అన్ని వరుసగ, ఒక్క చుక్క తప్పకుంట. తప్పిందా, అది ఇంగ్లీషుల కసురుకుంటది.

ఒకపారి అది "మీతోని సంబంధం తిరస్కరించిన" అన్నట్టు జవాబిచ్చింది.

"సార్, పిలగానికి జీతం తక్కువని పిల్ల దిక్కోళ్లు వద్దన్నరట" అన్న నేను.

సార్ నవ్వలే. "మల్లొకపారి అడుగుదాం తియ్" అన్నడు. మల్ల మొదటి అక్షరం కాడి నుంచి కొట్టిండు.

అరవై దాటిన మనిషి. ముప్పై ఏండ్లు చీకటి రూముల ఎర్ర బల్బు కింద ఫిల్ములు కడిగినోడు. మందు నీళ్లల్ల ముంచి, క్లిప్పులు పెట్టి, బట్టలారేసినట్టు ఆరేసినోడు. అసుమంటాయన ఒక్క ఏలుతోని, కోడి గింజలు ఏరినట్టు, ఆ లైను కొట్టుడు నేర్చిండు. మెల్లగ నేర్చిండు, గని మర్వకుంట నేర్చిండు. ఆ లైను ఒక కాపీల, అంటె నోటుబుక్కుల, రాసుకోని ఎక్కడ ఖాళీ ఇడ్వాలెనో ఆడ చిన్న డబ్బా గీసుకునేటోడు. "ఖాళీ గూడ అక్షరమేరా. మాట్లాడనోడు లేనోడు గాదు" అనేటోడు.

నాకు ఆ రూముల పని ఇప్పిచ్చింది ఆయనే. నేను ఇంటర్ ఫేలయినోణ్ని, గేటు కాడ స్కూటర్లకు చీటీలు రాసేటోణ్ని. "నీ నోరు గేటు కాడ ఉంటె పేషెంట్లు రారు, లోపటికి రా" అని తోల్కపోయిండు. ఫిల్ము అంచు పట్టుడు, పేరు సరిజూసుడు, ఎడమ కుడి గుర్తు పెట్టుడు, అన్ని ఆయన చెప్పినయే. "ఫిల్ము మీద వాళ్ల పేరుంటది, మన పేరుండది. అందుకే మన తప్పు వాళ్ల పేరు మీద పోవద్దు" అనేటోడు. ఆదివారం చర్చిల పాట గూడ అంత గట్టిగ ఎత్తుకునేటోడు గాదాయన.

ఇంకొక మాట ఉండేది. ఆ మాటనే ఇయ్యాల నన్ను ఇడుస్తలేదు. "ముందుగాల నీ చెయ్యి జూస్కో, ఎన్క మిషన్‌ను జూడు." చీకటి రూము పనోళ్ల పద్ధతి అది. ఆడ ఫిల్ము చెడిందంటె చెయ్యే చెడగొట్టినట్టు. ఎక్కువ సేపు ముంచినవా, తలుపు సందు ఇడ్చినవా. చీకట్ల ఇంకోడు ఉండడు గద, ఎవరి మీద పెడ్తవ్?

ఇగ నా సంగతి. నాకు చేతులు గమ్మునుండయ్. ల్యాబు పిల్లల డబ్బాలల్ల కూరలు మార్చిన. లిఫ్టే లేని సెంటర్ల "లిఫ్టు రిపేరు, మెట్లెక్కండి" అని బోర్డు పెడ్తె, మూడు దినాలు జనం "ఎప్పుడు బాగయితది" అని అడిగిండ్రు. సార్ గడియారం నేనే ముందుకు తిప్పేటోణ్ని, ఆయన కుర్చీ నేనే దించేటోణ్ని. "ఒరేయ్, నీకు మీసాలు నెరుస్తున్నయ్, బుద్ధి ఎప్పుడు నెరుస్తదిరా" అని కుర్చీ ఎత్తుకునేటోడు. అంతే.

ఆ పనిముట్టుకు ఒక సెట్టింగుల ఫైలు ఉంటది. సార్ ఒకపారి చూపెట్టిండు. "ఇక్కడ నార్మల్ అని ఉంటె బొక్కలు, అంటె ఎముకలు, తెల్లగొస్తయ్. రివర్స్ అని ఉంటె బొక్కలు నల్లగ, ఊపిరితిత్తులు తెల్లగ, అంత ఉల్టా వస్తది. లైనుల కొన్ని అక్షరాలు తప్పినా గిట్లనే అయితది. దీన్ని ముట్టకు." నాకు ముట్టకు అంటె ఏమినవడ్తదో మీకు చెప్పే పని లేదు.

ఒక దినం పొద్దుగాల సార్ రాకముందే దాన్ని రివర్స్ చేసి కూసున్న. ఒక్క ఫిల్ము నల్లబొక్కలతోని రావాలె, సార్ గుడ్లు తెర్వాలె, నేను నవ్వాలె, చాయ్ తాగాలె. నా ప్లాను గంతే.

ఆ దినం మొదటి పేషెంటు హత్నూర దిక్కు మనిషి. జిన్నారం కాడ మందుల కంపెనీల బాయిలర్ మీద పని. నాలుగడుగులేస్తె ఎగబోస్తున్నడు. భార్య ఎంట ఉన్నది. మధ్యాహ్నం లోపట పట్నంల పెద్ద డాక్టర్‌కు ఫిల్ము చూపెట్టాలె, ఆయన ఫోన్ల బొమ్మలు చూడడు.

సార్ లైను కొట్టిండు. ఫిల్ము వచ్చింది. లోపట లైటున్న ఎలుగు డబ్బా మీద పెట్టిండు. నల్లబొక్కలు.

నేను నవ్వుదామని నోరు తెరిచిన. అంతట్లనే సార్ "అయ్యో, తప్పు కొట్టినట్టున్న" అని కండ్లద్దాలు తుడ్సుకోని మల్ల కూసున్నడు. రెండోది. నల్లగనే. మూడోది. ఆయన కాపీ తీసి ఒక్కొక్క అక్షరం పైకి సదువుకుంట కొట్టవట్టె. నాలుగు.

"సార్, మిషన్‌ది ఏమన్న..." అన్న నేను మెల్లగ.

"మిషన్‌కేమైతదిరా? నిన్న మంచిగ చేసింది గద, ఆ ఫైలును ఎవ్వరు ముట్టలే గద. నా చెయ్యే."

పేషెంటు భార్య తలుపు కాడికొచ్చి "సారూ, బస్సు పోతది సారూ" అన్నది. ఐదు, ఆరు, ఏడు. గప్పుడే మేడమ్ వచ్చింది. సెంటర్ ఆమెదే, డాక్టరమ్మ. ఎలుగు డబ్బా మీద పేర్చిన ఏడు ఫిల్ములు చూసింది.

"ఏంటండీ ఇది? ఏడు ఫిల్ములా? పేషెంటుకి ఊపిరాడట్లేదు, మీరిక్కడ ప్రయోగాలు చేస్తున్నారా?"

"తప్పు నాదే మేడమ్."

"వయసైపోయిందండీ మీకు. చేతకాకపోతే చెప్పండి, ఇంకొకరిని పెట్టుకుంటాను."

రూముల ల్యాబు పిల్లలున్నరు, ఆ మొగుడు పెండ్లాలున్నరు, నేనున్న. ఊరందరి మీద నాలుక ఆడించే నేను ఆ ఏడు ఫిల్ములు తీసి అంచులు సరిజెయ్యవట్టిన. చెప్తె నా పని వోతది. ఇంట్ల ఇద్దరు సదువుకునేటోళ్లు ఉన్నరు. ఇది సాకు అని నాకూ ఎర్కే.

సార్ నీళ్లు తాగొస్తనని బయటికి పోయిండు. నేను ఒక్క ఉరుకుల ఫైలు తెరిచి నార్మల్ చేసిన. ఆయనొచ్చి, అదే లైను, అదే ఏలుతోని ఎనిమిదోపారి కొట్టిండు. బొక్కలు తెల్లగ, సక్కగ వచ్చినయ్. వాళ్లు ఫిల్ము పట్టుకోని బస్సుకు ఉరికిండ్రు.

నేను చేసిన అసలు పాపం అదే. ఏడు ఫిల్ములు ఉల్టా చేసుడు గాదు, ఎనిమిదోది సక్కగ చేసుడు. ఎందుకంటె అప్పుడు సార్‌కు పక్కా అయింది. ఎనిమిదోపారి ఒప్పు కొట్టిన గాబట్టి ఏడుపార్లు తప్పు కొట్టినట్టే గద. కాపీల లైనుకు, తెర మీద లైనుకు తేడా దొర్కక సాయంత్రం దాక ఎతికిండు. దొర్కది గద, లేంది ఎట్ల దొర్కుతది?

ఆ నెలలనే కంటి దవాఖానకు పోయి అద్దాలు మార్చుకున్నడు. మార్చినా కొట్టేటప్పుడు నన్ను పక్కకు పిల్సి "సరిగ్గున్నదా, సూడు" అని అడుగుడు మొదలువెట్టిండు. ముప్పై ఏండ్ల మనిషి, నన్ను! రెండు నెలలకు ఆయనే రాజీనామ రాసిచ్చిండు. "కండ్లు మోసం చేస్తున్నయ్‌రా. ఎవరి పేరు మీదనో నా తప్పు పోకముందే దిగిపోవాలె" అన్నడు. పని ఇడ్సిపోయే దినం ఆ కాపీ నాకే ఇచ్చిండు. ఆయన కుర్చీ ఎత్తు మాత్రం అటెన్క గూడ ఎవ్వరం ముట్టలే.

పానం బాగలేదని తెలిసి పోయిన నెల చూడవోయిన. మంచం పక్కన కూసోని ఉన్నదంత కక్కిన. సార్ మెల్లగ నవ్విండు. "నాకెర్కేరా. ఏడు ఉల్టా వచ్చి, నేను నీళ్లు తాగొచ్చేలోపు ఎనిమిదోది సక్కగొస్తె ఆ మాత్రం ఎర్కవడదా? ముప్పై ఏండ్లు చీకట్ల చేసినోణ్ని, ఎలుగుల దొంగను పట్టనా?" అని నా చెవు మెలివెట్టిండు.

పోయిన వారం సార్ ఇంటికాడ, ఆయనను తల్సుకోని ప్రార్థన చేసే ఆదరణ కూడికల, పాస్టరుగారు ఎవరన్న నాలుగు మాటలు చెప్పుండ్రి అంటె, లేచి నేనీ ముచ్చట చెప్పిన. అందరు నవ్విండ్రు, కండ్లు తుడ్సుకున్నరు. మేడమ్ తల వంచుకున్నది. మంచిగ చెప్పినవని భుజాలు తట్టిండ్రు. టీచరమ్మ ఒక్కతే నవ్వలే. భోజనాలైనంక నన్ను వంటింటి తలుపు కాడికి పిల్సి అడిగింది: "ఆ మాట సార్ ఎన్నడన్నడయ్యా? ఆఖరు దాక నా చెయ్యి ఎక్కడ తప్పిందే అని నన్నడిగేటోడు గద."

నేను చేతులు కడుక్కొస్తనని చెప్పి చెప్పులేసుకోని వచ్చిన. అప్పటి నుంచి నిద్ర లేదు. ఆ నల్ల తెర ముందట కూసుంటె నేను కొట్టే ప్రతి లైను తప్పొస్తున్నది. అది నిజంగ నా చెయ్యే.

అందుకే రాస్తున్న. మీకు ఇక్కడ చెప్పినయన్ని నిజమే, ఒక్కటి తప్ప. సార్ ఆ మాట అనలే. చెవు మెలివెట్టలే. నేను అసలు చెప్పనే లేదు. ఆ దినం మంచం పక్కన కూసోని రెండు బిస్కట్లు తిని, ఎండలు మస్తున్నయ్ అన్న. సారే అడిగిండు, "ఆ దినం నేనేం తప్పు కొట్టిన్నో నీకేమన్న యాదికున్నదారా?" అని.

"లేదు సార్" అన్న.

ఆయన కండ్లు మూసుకున్నడు. ఒక్క ఏలు దుప్పటి మీద కదులవట్టింది. ఒక అక్షరం, ఆగుడు, ఇంకొక అక్షరం. లైను ఆఖరు దాక పోయింది, తప్పు దొర్కనట్టుంది, మల్ల మొదటికొచ్చింది.