మాకు చెప్పడం నేర్పిన ఎస్తేరక్క

ఎస్తేరక్క ఇక లేదు.

నిన్న పొద్దున మల్కాజ్‌గిరి స్టేషన్‌లో ఎప్పటిలాగే అక్క కోసం ఎదురుచూస్తున్నాను. ట్రైన్ వచ్చింది. అక్క రాలేదు. లేటయిందేమోలే అని ఆ ట్రైన్ వదిలేశాను.

అప్పుడు వాళ్ళాయన డేవిడన్న ఫోన్ చేశాడు.

"స్వప్నా, మీ అక్క పోయిందమ్మా."

ఎక్కడికి అని అడిగాను.

నిజంగానే అలా అడిగాను.

ఆఫీసుకు తయారవుతూ, జడ వేసుకుంటూ కూలబడిపోయిందట. హాస్పిటల్‌కు తీసుకెళ్ళేలోపే అయిపోయింది. హార్ట్ ఎటాక్ అన్నారు.

అక్క ఎవరో తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నాను. రాంగోపాల్‌పేట్‌లో మా ఆఫీసుకు తను అడ్మిన్ ఆఫీసర్. మాకు సేఫ్టీ ట్రైనింగ్ ఇచ్చేది కూడా తనే.

ఆఫీసులో ప్రమాదాలేముంటాయి, ఇదేమన్నా ఫ్యాక్టరీనా అని మొదట్లో అందరం నవ్వుకున్నాం. అక్క మమ్మల్ని కుర్చీల్లోంచి లేపి, ఎవరి టేబుల్ కింద వాళ్ళను చూడమంది. ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఇంకో ఎక్స్‌టెన్షన్ బోర్డు, దానికి కెటిల్. మెట్ల దారికి అడ్డంగా పేపర్ డబ్బాలు. రోజూ వాటి పక్కనుంచే నడిచేవాళ్ళం.

ఒకసారి ఫైర్ డ్రిల్‌లో అందరం కిందికి దిగుతుంటే మా మేనేజర్ సార్ క్యాబిన్‌లోనే ఫోన్ మాట్లాడుతూ ఉండిపోయారు. అక్క తలుపు తీసి, అందరికీ వినపడేలా అంది:

"సార్, మీరు పొగల చచ్చిపోయి శానా సేపయింది. ఇంకా ఎవరితోని మాట్లాడుతున్రు?"

సార్ ఫోన్ పెట్టేసి నవ్వుకుంటూ మెట్లు దిగారు.

నిన్న అదే సార్ అక్క వాళ్ళింటి గేటు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు.

ఇంకోటి చెప్పాలి. ఒక రోజు ఏసీ లీకై జిరాక్స్ మెషిన్ దగ్గర నీళ్ళు చేరాయి. అకౌంట్స్ ప్రసాద్ గారు జారిపడితే మణికట్టు విరిగింది. తీరా అడిగితే, ఆ నీళ్ళను పొద్దుట్నుంచి సగం ఫ్లోర్ చూసింది. ఎవరో ఒకరు చెప్పే ఉంటారులే అని ఎవరికి వాళ్ళు ఊరుకున్నారు.

అక్క ఎవరినీ తిట్టలేదు. తర్వాతి ట్రైనింగ్‌లో ఒక్కొక్కరినీ నిలబెట్టి "ఇక్కడ నీళ్ళున్నాయి, ఆగండి" అని గట్టిగా అనిపించింది. అందరికీ సిగ్గు, నవ్వులు. నేనైతే ఆ మాట నాలో నేనే గొణిగాను.

"సిగ్గెందుకే స్వప్నా? చూసుడు అందరికొస్తది. చెప్పుడే రాదు. గది నేర్పనీకే గద నేనున్నది," అంది.

నేర్చుకున్నాననే అనుకున్నాను.

పోయిన వారం సికింద్రాబాద్ స్టేషన్‌లో బ్రిడ్జి మెట్లెక్కుతూ అక్క సగంలో ఆగిపోయింది. రెయిలింగ్ పట్టుకుంది. ముఖమంతా చెమట. ఎడమ భుజం నొక్కుకుంటోంది.

"ఏమైందక్కా?"

"ఏం గాదు, గ్యాస్ తక్లీఫ్. జెర నిలబడితే పోతది."

"డాక్టర్‌కి చూపిద్దామా?"

"గింత దానికి డాక్టరేందే? ఆఫీసుల మాత్రం చెప్పకు. వచ్చే వారం డ్రిల్ ఉంది, నన్ను కూసోబెడతరు. నువ్వు పరేషాన్ గాకు."

సరేనన్నాను.

చెమట, ఆయాసం, భుజం నొప్పి. ఇవి కనిపిస్తే గుండెను అనుమానించమని ఫస్ట్ ఎయిడ్ క్లాసులో మాకు చెప్పింది అక్కే. ఆ రోజు నేను ముందు వరుసలోనే కూర్చున్నాను.

మర్నాడు కూడా అదే చోట ఆగింది. నేను తన బ్యాగ్ అందుకున్నాను. అంతే. పెద్దది, తనకు తెలియదా అనుకున్నాను. డేవిడన్నకు చెబితే నాతో మాట్లాడటం మానేస్తుందేమోనని భయపడ్డాను. బ్యాగ్ మోసి, ఏదో పెద్ద సాయం చేసినట్టు ఫీలయ్యాను కూడా.

నిన్న సాయంత్రం అక్క వాళ్ళింట్లో జనం కాస్త పలచబడ్డాక డేవిడన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"రోజు మీరిద్దరు కలిసే పోతరు గదమ్మా. నీతోని ఏమన్న చెప్పిందా?"

లేదు అనేయొచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ అక్క అక్కడే, ఫ్రీజర్ బాక్స్‌లో, మాకు ఎదురుగానే ఉంది. మెట్లు, చెమట, భుజం నొప్పి, అన్నీ చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

ఆయన తల వంచుకున్నాడు.

"నాకు సుత చెప్పిందమ్మా. మొన్న రాత్రి ఛాతీల మంట అన్నది. సోడా తెచ్చిచ్చిన. తాగి పండుకున్నది. తగ్గిందనుకున్న."

ఎవరో చాయ్ తెస్తే, ఆయన తన గ్లాసు నా వైపు జరిపాడు.

"తాగు బిడ్డా. పొద్దుట్నుంచి ఏం తిన్లేదు నువ్వు."

అప్పుడు ఏడ్చాను. పొద్దుట్నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఈ రోజు మధ్యాహ్నం బోయిన్‌పల్లిలో వాళ్ళ చర్చిలో ప్రార్థన ఉంది. ఆ తర్వాత అక్కడి నుంచే సమాధుల తోటకు. తనను తెలిసినవాళ్ళు రండి.

ఒక్క రిక్వెస్ట్. కింద కామెంట్లలో "నీ తప్పేం లేదు" అని రాయకండి ప్లీజ్. ఆ మాట అనాల్సింది అక్క ఒక్కతే.

వెళ్ళిరా అక్కా. నువ్వు నమ్ముకున్న ప్రభువు దగ్గర నీకు నెమ్మది దొరకాలి.