పరగడుపున కక్కే కుక్క

రిటైర్మెంటుకు రెండేళ్ళ ముందు, ఒక ఏప్రిల్ నెలలో, భోగాపురం వైపు నుంచి బదిలీ మీద శ్రీకాకుళం దగ్గరి ఒక పశువైద్యశాలకు వచ్చి చార్జి తీసుకున్నాను. అదే నా ఆఖరి పోస్టింగు. ఊరి పేరు రాయను; ఇందులోని మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు. ఉద్యోగంలో చేరినప్పుడు నేను అసిస్టెంట్ సర్జన్ని, అప్పటికి అసిస్టెంట్ డైరెక్టర్ని. ఇన్నేళ్ళు గడిచినా ఆ ‘అసిస్టెంట్’ నన్ను వదల్లేదని మావారు ఆటపట్టించేవారు.

పని ఎక్కువగా ఆవులు, గేదెలు, మేకలతోనే. ఆవరణలో ట్రావిస్ ఉండేది. అంటే పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం. కుక్కలకంటూ బల్ల లేదు. వచ్చిన రెండు మూడు కుక్కల్ని మందుల గది అరుగు మీద పడుకోబెట్టి చూసేదాన్ని. ఈ శీర్షిక చదివే, ఇంట్లో కుక్క పెంచుకునేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: పొద్దున్నే పరగడుపున పసుపు రంగులో కక్కితే ఏం చేయాలని. దానికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. ఆ రెండు ముక్కలూ చెప్పడానికి నాకు ఒకసారి నెలన్నర పట్టింది. అదే రాస్తున్నాను.

మే నెలలో సింహాచలం అనే రైతు తన కుక్కను మోపెడ్ మీద, కాళ్ళ దగ్గర గోనెసంచిలో కూర్చోబెట్టి తెచ్చాడు. వరి, పెసలు వేసుకునే మనిషి, కొంత జీడితోట ఉంది. కుక్క పేరు టైగరు. అయిదేళ్ళ నాటు కుక్క, ఎర్రమన్ను రంగు. ఒంటి మీద సగం బొచ్చు రాలిపోయి, చర్మం మందంగా ముడతలు పడింది. బ్లేడుతో చర్మం గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తే గజ్జి పురుగులు కనిపించాయి. వారానికొకటి చొప్పున నాలుగు ఇంజెక్షన్లు వేశాను. రెండోదానికే గోక్కోవడం తగ్గింది. నెలాఖరుకు మెడ మీద కొత్త బొచ్చు మొలిచింది. కేసు ముగిసిందని రిజిస్టరులో రాసేశాను.

జూన్‌లో వానలు పడ్డాక మళ్ళీ వచ్చాడు.

“పొద్దుటిపూట పసుప్పచ్చగా కక్కతన్నాదమ్మా. ఉట్టి నురగే. తిండేటీ రాదు,” అన్నాడు.

కుక్క కక్కిందంటే మేం ముందు అడిగేది, నిజంగా కక్కిందా, లేక తిన్నది అలాగే వెనక్కి వచ్చిందా అని. పొట్ట ఎగదన్ని, ఒళ్ళంతా కదిలి వస్తే వాంతి. తల వంచగానే అరగని మెతుకులు జారిపడితే అది వేరే, గొంతుకు సంబంధించింది. ఇది వాంతే. పసుపు రంగు పైత్యరసానిది. తర్వాత ఏం తింటోందని అడిగాను. అన్నం, గంజి, చేపల తలకాయలు, ఆదివారం మాత్రం నీసు లేదు. ఎన్ని పూటలంటే “రెండు పూట్లా తింటాదమ్మా” అన్నాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అని కేసు కాగితం మీద రాసుకున్నాను. అడగాల్సినవన్నీ అడిగానని అనుకున్నాను.

నులిపురుగుల మందు ఇచ్చాను. తగ్గలేదు. వారం తర్వాత వచ్చినప్పుడు కుక్కల రక్తం తాగే గోమార్ల వల్ల వచ్చే జ్వరమేమోనని చెవి కొస నుంచి రక్తం తీసి గాజుపలక మీద చూశాను. ఏమీ లేదు. గజ్జికి వేసిన ఇంజెక్షన్ల ప్రభావమేమోనని కూడా అనుమానించాను. అన్ని రోజుల తర్వాత అలా ఉండదు. మధ్యలో నాలుగు రోజులు బాగుండేది, మళ్ళీ మూడు రోజులు వరసగా కక్కేది. ఒక లెక్కకు లొంగకపోవడం నాకు చిరాకు తెప్పించింది. నాకు చిరాకు తొందరగానే వస్తుంది, ఆ సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు.

ఆ చిరాకులోనే ఒక పొరపాటు చేశాను. మూడోసారి వచ్చినప్పుడు కుక్క చిగుళ్ళు కాస్త పాలిపోయి కనిపించాయి. పైగా పసుపు వాంతి, వరిపొలాల ఊరు, వానాకాలం. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే జ్వరం ఒకటుంది, కాలేయాన్ని, మూత్రపిండాలను పట్టుకుంటుంది, కుక్క నుంచి మనుషులకూ సోకవచ్చు. రక్తం పరీక్షకు పంపుతూ, ఆ మాట పైకి అనేశాను. ఇంట్లో గర్భిణులు గాని ఉన్నారా, ఉంటే జాగ్రత్త అన్నాను. సింహాచలం నా మొహం వైపు చూసి, కుక్కను సంచిలో కూర్చోబెట్టుకొని వెళ్ళిపోయాడు.

రిపోర్టు వారానికి వచ్చింది. ఆ జ్వరం లేదు, కాలేయం బాగుంది, మూత్రపిండాలు బాగున్నాయి. ఫోన్ చేసి చెప్పాను. అవతల నుంచి అతను తాపీగా తన నిర్ణయం చెప్పాడు. కూతురికి ఎనిమిదో నెల, ఇంకో నెల రోజుల్లో పురిటికి వస్తుంది. ఈ లోపు కుక్కను పంపించేస్తున్నాడు. అతని బావ నౌపడ దగ్గర ఉప్పుమళ్ళకు కాపలా ఉంటాడు. అక్కడ వదిలేస్తాడట.

ఉప్పుమళ్ళు నాకు తెలుసు. కుక్కకు చెట్టు నీడ ఉండదు, మంచినీళ్ళు డబ్బాల్లో మోసుకుపోవాలి. ఇంటి కుక్క అక్కడ ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పలేను. పరీక్షలో ఏమీ లేదని మళ్ళీ చెప్పాను. “అలాగేనమ్మా” అన్నాడు. అలాగే అన్నవాడి గొంతు కాదది. భయపెట్టే మాట ఒక్కసారి చెబితే చాలు నాటుకుంటుంది. దాన్ని పీకడానికి రిపోర్టు చాలదు. తప్పు నాదేనని తెలిసి ఆ రోజంతా మనసు బాగాలేదు.

జూలై మధ్యలో గేదెలకు గురక వ్యాధి టీకాల కోసం ఆ ఊరు వెళ్ళాం. ఆకాశం దట్టంగా మూసుకుపోయి ఉంది. పది గంటలకు పని ముగించి, దారిలోనే కదా అని సింహాచలం ఇంటికి నడిచాను. అతను పొలంలో ఉన్నాడు. అతని భార్య పైడమ్మ వాకిట్లో ఉంది. అప్పటిదాకా ఆవిడను నేను చూడలేదు. నలభై అయిదేళ్ళుంటాయి, చేతిలో రాగి చెంబు, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అరుగు మీద రెండు గిన్నెల్లో అన్నం, మూతలు పెట్టి ఉంది. టైగరు ఆ గిన్నెలకు మూరెడు దూరంలో కూర్చుంది. నేను చూస్తుండగానే లేచి, పొట్ట ఎగదన్ని, గుప్పెడు పసుపు నురగ కక్కి, మళ్ళీ వచ్చి అక్కడే కూర్చుంది.

దానికి ఇంకా తిండి పెట్టలేదా అని అడిగాను.

“సూర్నారాయణమూర్తి ఇంకా అవుపడనేదమ్మా. అవుపడ్డాక పెడతాను.”

విషయం అక్కడినుంచి నిదానంగా వచ్చింది. కుక్కకు గజ్జి ముదిరినప్పుడు ఆవిడ అరసవల్లి సూర్యుడి గుడికి వెళ్ళి మొక్కుకుంది. చర్మ రోగాలకు అక్కడ మొక్కుకోవడం మా వైపు మామూలే. బొచ్చు నిండుగా వచ్చేదాకా సూర్యుణ్ణి చూసి నీళ్ళు వదిలాకే ముద్ద ముట్టడం, పొద్దు వాలాక తినకపోవడం ఆ మొక్కు. మే నెలలో దానితో ఇబ్బంది లేదు, అయిదున్నరకే ఎండ వచ్చేస్తుంది. వానలు పడ్డాక సూర్యుడు పదికో, పన్నెండుకో ఒకసారి మబ్బు సందులోంచి కనిపిస్తాడు. ఒక్కోరోజు అదీ లేదు; అప్పుడు మధ్యాహ్నం దాకా చూసి, మబ్బుకే నీళ్ళు వదిలి తినడం.

మొక్కు మీది కదా, మధ్యలో అదేం చేసిందని అడిగాను.

ఆవిడకు నా ప్రశ్నే వింతగా తోచింది. “రోగం దాంది, ఉపాసం నాదొక్కర్తిదీ ఎలగవుతాదమ్మా? ఇద్దరం కలిసే మొక్కుకున్నాం. దాని ముందరకాళ్ళు కూడా పట్టుకొని దండం ఎట్టించేను.”

వాంతులు మొదలయ్యాక మొక్కులో ఏదో లోపం జరిగిందని ఆవిడ భయపడింది. నియమం ఇంకా బిగించింది. సాయంత్రం అయిదున్నరకు పెట్టే ముద్ద నాలుగింటికే పెట్టేస్తోంది. అంటే నాలుగు నుంచి మర్నాడు సూర్యుడు కనిపించేదాకా, పద్దెనిమిది, ఇరవై గంటలు ఆ కుక్క పొట్ట ఖాళీ. అంతసేపు ఖాళీగా ఉంటే పేగులోని పైత్యరసం వెనక్కి పొట్టలోకి చేరి మంట పుట్టిస్తుంది, కుక్క కక్కేస్తుంది. రోగం లేదు, పురుగు లేదు, జ్వరం లేదు. మబ్బు విడిచిన నాలుగు రోజులూ బాగుండటం, ముసురు పట్టిన మూడు రోజులూ కక్కడం, నా లెక్కకు లొంగనిదంతా ఆవిడ ఆకాశం వైపు చూసి చెప్పగలిగేదే.

సింహాచలం అబద్ధం చెప్పలేదు. తెల్లవారకముందే అంబలి తాగి పొలానికి పోయే మనిషి. భార్య ఏదో మొక్కులో ఉందని తెలుసు. అందులో కుక్క కూడా ఉందని ఎలా తెలుస్తుంది? రెండు పూటలా తింటుందన్నాడు, తింటూనే ఉంది. ఏ వేళకు తింటుందని నేను అడగలేదు. పెట్టే మనిషి ఎవరని అడగలేదు. ఎద్దు ముందు నేను నిలబడి ఉండగా, నన్ను దాటి నా అటెండరుతో మాట్లాడే రైతుల మీద సర్వీసంతా చిరాకుపడ్డదాన్ని. అదే పని నేనూ చేశాను. సిగ్గేసింది.

మొక్కు మానేయమని నోటిదాకా వచ్చింది. అనలేదు. మే నెలలో ఆవిడ మొక్కుకుంది, మే నెలలోనే గజ్జి తగ్గింది. నా ఇంజెక్షన్ల గొప్పకూ అంతకు మించిన సాక్ష్యం లేదు, ఆవిడ దృష్టిలో. పైగా కుక్కను నౌపడకు పంపే రోజు దగ్గరపడుతోందని ఆవిడకు తెలుసు. “అది పోతే ఈ ఇంట్లో నాతోటి తినీవోళ్ళు ఎవుల్లేరమ్మా” అంది, చెంబు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ.

ఒకటి అడిగాను. ఉపవాసంలో మందు వేసుకోవచ్చా అని. మందుకు దోషం లేదంది.

చీటీ తీసి రాశాను. రాగిముద్ద, పెద్ద నిమ్మకాయంత, తెల్లవారుతూనే ఒకటి, రాత్రి పడుకునేముందు ఒకటి. మందు పేరు రాసేచోట అదే రాశాను, మోతాదు రాసేచోట మోతాదు రాశాను, కింద సంతకం పెట్టి ఆఫీసు ముద్ర కోసం మర్నాడు పంపమన్నాను. ఇది అబద్ధమని నేను అనుకోలేదు. ఈ వాంతికి పుస్తకాల్లో ఉన్న మొదటి వైద్యం, పొట్ట ఎక్కువసేపు ఖాళీగా ఉంచకపోవడమే.

“మందేనామ్మా?” అంది పైడమ్మ.

మందే అన్నాను.

ఇంట్లో సింహాచలానికి అంబలి కోసం ఆవిడ వండిన రాగిసంకటి ఉంది. ముద్ద చేసి టైగరు ముందు పెట్టింది. అది వాసన చూసి, ఆవిడ మొహంలోకి చూసి, ముద్ద వదిలేసి కూర్చుంది. కూనగా ఉన్నప్పటినుంచి ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే తినడం దానికి అలవాటు. పైడమ్మ చీటీ వైపు చూసింది, మబ్బు వైపు చూసింది. ముద్దలో సగం తుంచి తన నోట్లో పెట్టుకుంది. కుక్క మిగతా సగం తినేసింది.

“మందే కదమ్మా” అంది ఆవిడ, నమలడం ఆపి.

మనుషులకు మందు రాసే అధికారం నాకు లేదు. చీటీలో ఆవిడ పేరు రాయలేదు. ముద్ద మాత్రం నిమ్మకాయకు రెండింతలు చేయమన్నాను.

సింహాచలంతో మాట్లాడటం ఇంతకన్నా కష్టమైంది. పొలం గట్టు మీదికి వెళ్ళి, జ్వరం సంగతి తొందరపడి అన్నానని, తప్పు నాదని, కక్కడం ఖాళీ పొట్ట వల్లేనని చెప్పాను. అతను పార కింద పెట్టలేదు.

“మరప్పుడలగ బయపెట్టేరేటమ్మా? పిల్ల కడుపుతోటి వస్తన్నాది. రేపేటైనా అయితే మీరొస్తారేటి?”

న్యాయమైన మాట. పది రోజులు గడువడిగాను. రెండోసారి రక్తం పంపుతానని, పది రోజుల్లో మబ్బు ఉన్నా లేకపోయినా కుక్క కక్కకూడదని, కక్కితే అతని ఇష్టమని ఒప్పందం. మొదటి రెండు రోజులూ కొద్దిగా కక్కింది; పైడమ్మ దాచకుండా ఫోన్ చేసి చెప్పింది, ఏడుస్తూనే చెప్పింది. పొట్ట సర్దుకోవడానికి ఆమాత్రం పడుతుందని అతనికి నేనే చెప్పుకున్నాను. మూడో రోజు నుంచి ఆగింది. ఆ వారమంతా ముసురే. రెండో రిపోర్టు కూడా శుభ్రంగా వచ్చింది. బావను రావద్దని ఫోన్ చేసింది సింహాచలమే. శ్రావణంలో కూతురు వచ్చేనాటికి కుక్క అరుగు మీదే ఉంది.

వాంతిలో రక్తం ఉన్నా, కుక్క చిక్కిపోతున్నా, నీళ్ళు కూడా నిలవకపోయినా ఇలా ముద్దలతో సరిపెట్టుకోకూడదు, వెంటనే డాక్టరుకు చూపించాలి. అవేవీ లేకుండా తెల్లవారి పసుపు నురగ ఒక్కటే అయితే, ముందు రాత్రి పొట్టలోకి ఎప్పుడు ఏం వెళ్ళిందో చూడాలి. ఇది కుక్కల సంగతి.

నా సంగతి వేరే. కేసు మూసేటప్పుడు రిజిస్టరు వెనక్కి తిప్పాను. నెలన్నరలో టైగరు పేరు ఆరుసార్లు ఉంది, ‘యజమాని’ అన్న గడిలో సింహాచలం పేరు ఆరుసార్లు ఉంది, పైడమ్మ పేరు ఒక్కచోట కూడా లేదు. మర్నాటి నుంచి స్కేలు పెట్టి ప్రతి పేజీలో ఒక గడి ఎక్కువ గీశాను: ‘తిండి పెట్టేవారు’. రిటైరయ్యేదాకా ఆ రెండేళ్ళూ, ఆవులకు గానీ మేకలకు గానీ కుక్కలకు గానీ, ఆ రెండు గడుల్లో ఒకే పేరు రాసిన రోజులు చాలా తక్కువ.