సమాధానం అన్న మాట

మా మేనమామ వయసంతా అడవిలో తుపాకీ మోశాడు. లొంగిపోయాక బీదర్ వచ్చి వాచ్‌మన్‌గా కుదిరి, బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే, ప్రభువు బల్ల నాడు అందరితోపాటు రొట్టె తినడం. పాస్టరు ఒప్పుకోలేదు. దళం ఇన్‌ఫార్మరని చంపిన ఒకతని భార్య మా సంఘంలోనే ఉంది, భాల్కి నుంచి వస్తుంది. అతన్ని ఇంట్లోంచి పిలుచుకుపోయింది మామే.

"ముందు ఆమెతో సమాధానపడు," అన్నాడు పాస్టరు.

లైబ్రరీలో విప్లవాల చరిత్రలూ వేదాంతాలూ అరలు అరలుగా చదివినవాణ్ణి కదా, ఏం చెప్పాలో నేనే రాసిచ్చాను. విప్లవం అడిగే న్యాయమూ క్రీస్తు ఇచ్చే క్షమా కలిస్తేనే శాంతి నిలుస్తుందని. "శాంతి" కొట్టేసి "సమాధానం" అని పెట్టాను. తెలుగు బైబిల్లో మాట అదే.

మేమిద్దరం భాల్కి వెళ్లేసరికి ఆమె వాకిట్లో మెంతికూర తెంపుతోంది. మామ కాగితం చూసి చదివాడు.

"అక్కా, నాకు నీ దగ్గర సమాధానం కావాలె."

"నీకు కావాల్నా?" ఆమె తలెత్తలేదు. "ఇన్నేండ్ల సంది నాకు కావాలె. చెప్పు. నా పెనిమిటి ఏం చేసిండు?"

నేను కల్పించుకున్నాను. "అక్కా, బైబిల్ల ఆ మాటకు అర్థం వేరే..."

"నువ్వూకో, పుస్తకాల పురుగా. మీ మామనడుగుతున్న."

మామ కాగితం మడిచాడు. "ఏం చెయ్యలే అక్కా. పోలీసులతోని మాట్లాడింది ఇంకో మనిషి. మాకు వారమైనంక తెల్సింది."

"తెల్సినంక?"

"బయట చెప్పొద్దన్నరు. విప్లవానికి చెడ్డపేరొస్తదన్నరు."

"ఊరంత నన్ను ఇన్‌ఫార్మర్ పెండ్లమన్నరు. నువ్వు తెల్సీ ఊకున్నవ్." ఆమె ఒళ్లోని కాడలు దులిపి లేచింది. "మాఫ్ చేసిన అని పాస్టరయ్యకు చెప్త. బల్లకు రా. నా ఎదురుంగ కూసో. నువ్వు తింటుంటే చూస్త."

తిరుగు బస్సులో ఒకే మాటకు రెండర్థాలు ఎలా వచ్చాయో మామకు వివరించాను. కన్నడంలో దానికి ఊరట అనే అర్థం కూడా ఉందన్నాను. ఆయన ఊఁ కొట్టాడు.

ఆదివారం ఆమె అందరి ముందూ క్షమించానని చెప్పింది. సంఘమంతా హల్లెలూయా అంది. పళ్లెం మామ దాకా వచ్చింది. ఆయన ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు. ఎదురుగా ఆమె రెప్ప వేయడం లేదు. ఆయన దవడ ఆగిపోయింది. మింగుడు పడలేదు. ఉమ్మేసే చోటు కాదు.

"మింగు తమ్మీ," అందామె, ఎంతో మర్యాదగా.